వెలుగు కన్నా ముందొచ్చిన పచ్చదీపం

పెట్టెను నమ్మొద్దన్న లెక్కల మాస్టారు తెల్లారేసరికి లిఫ్టులో శవమై ఉన్నాడు. అంతకు ముందురోజే మన గూఢచారి ఏజెంటు చెవిన ఒక మాట వేశాడాయన.

"గురుత్వాకర్షణకైనా వెలుగు వేగమే హద్దు నాయనా. వెలుగు కన్నా ముందు కబురు తెచ్చానన్నవాడు దొంగ."

ఏజెంటు తమ్ముడు ఎక్కడో దూరాన అంతరిక్ష నౌకలో ఉన్నాడు. అక్కడి రేడియో మాట ఇక్కడికి చేరాలంటే ఒక టీ తాగినంత సేపు పడుతుంది. గురుత్వాకర్షణతో కబురు అందుకుంటుందంటూ విదేశీ ముఠా మనకు అమ్మజూపుతున్న గురుత్వ పెట్టె మాత్రం, తమ్ముడు అక్కడ ఎర్రదీపం వేసినా పచ్చదీపం వేసినా, ఆ రంగు అప్పటికప్పుడే చూపిస్తోంది. సాయంత్రం ఆఖరి టెస్టు. నెగ్గితే నౌక స్టీరింగు పెట్టెకే అప్పగిస్తారు. పెట్టె తాళం ముఠా చేతిలో. ఇక తమ్ముడి ప్రాణమూ అక్కడే.

ముఠాలో మన తరఫున చేరిన డబుల్ ఏజెంటు పేరు వజ్రం. పెట్టెకు పూచీ ఆమెదే. ఆమె మీద అనుమానముందంటే, ఏజెంటును అతని చీఫ్ కసిరి, టీ వాడి వేషంలో కంట్రోల్ రూమ్ కాపలాకు పొమ్మన్నాడు.

పొద్దున రేడియోలో తమ్ముడు గొణిగాడు. ఏ రంగు వెయ్యాలో ప్రతిసారీ వజ్రమే గుట్టుగా ముందే చెబుతోందట, అది చీఫ్ ఆర్డరని చెప్పిందట. పెట్టె మర్మం ఏజెంటుకు అర్థమైంది. తమ్ముడికి ఒక్క ముక్క తిరుగు కబురు పంపాడు.

సాయంత్రం పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. వజ్రం నవ్వింది. చీఫ్ చెయ్యి స్టీరింగు అప్పగించే స్విచ్ మీదకు వెళ్లింది.

"సార్, ఈ టీ తాగేదాకా ఆగండి," అన్నాడు టీ వాడు.

"టీ వాడికేం పని ఇందులో?" అంది వజ్రం.

"రేడియో రావాలి కదమ్మా."

చీఫ్ అతని కళ్లలోకి చూసి, గ్లాసు అందుకున్నాడు. ఆఖరి గుక్క దిగకముందే రేడియో గరగరలాడింది.

"అన్నయ్యా, నువ్వు చెప్పినట్టే ఈసారి ఏ దీపమూ వెయ్యలేదు. చీకట్లో కూర్చున్నా. మీ చీఫ్ తిట్టడు కదా?"

పెట్టె మీద పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

వజ్రం చెయ్యి లిప్‌స్టిక్‌లా కనిపించే పిస్టల్ మీద పడింది. ఆ మణికట్టు మీద కెటిల్‌లోని వేడి టీ కుమ్మరించాడు ఏజెంటు. పిస్టల్ కింద పడింది, గార్డులు ఆమెను పట్టుకున్నారు.

చీఫ్ స్విచ్ వంక ఒకసారి చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"ఇందులో పంచదార ఏదయ్యా?"

"బయల్దేరింది సార్. చేరడానికి టైము పడుతుంది."