కేకు మాస్టారి చెయ్యి

పొద్దున్నే ఓవెన్ వెలిగించి, మొదటి విడత రొట్టెలు అద్దాల బీరువాలో సర్దేసరికి ఆమెకు చెమటలు పట్టేస్తాయి. ఆ రోజు మాత్రం ఒళ్లు చల్లబడిపోయింది. వెనిలా ఎసెన్సు కోసం పై అరలోకి చెయ్యి పెడితే, సీసాల వెనక ఇంకో సీసా తగిలింది. మూత తీసి వాసన చూడక్కర్లేకపోయింది.

వీధంతా ఆమె భర్తను కేకు మాస్టారు అంటారు. క్రీముతో పేరు రాస్తే అచ్చు గుద్దినట్టుంటుంది. అలాంటిది కొన్నాళ్లుగా అక్షరాలు పక్కకు ఒరిగిపోతున్నాయి. మొన్న ఒక పెళ్లివారు కేకు చూసి, "మాస్టారు పొద్దున్నే మొదలెట్టేశారా?" అని బొటనవేలు నోటికి చూపించి నవ్వారు. ఆమె వాళ్లతో పోట్లాడింది.

"ఇదేంటండీ?" సీసా బల్ల మీద పెట్టింది.

క్రీము కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. "అరవకు. అమ్మాయి వింటుంది."

"విననివ్వండి! ఊరందరితో మీ తరఫున వాదించాను. వెర్రిదాన్నయ్యాను కదూ?"

కాలేజీకి బయల్దేరిన కూతురు అప్పటికే గుమ్మంలో ఉంది. "అమ్మా, తాగనప్పుడే నాన్న చెయ్యి ఎక్కువ వణుకుతుంది. నేను చూస్తూనే ఉన్నా" అంది మెల్లగా.

"నువ్వు వెనకేసుకురాకు! నేనింక తలెత్తుకుని కౌంటర్లో కూర్చోలేను. షట్టరు దించేస్తాను."

అతను క్రీము సంచి తీసుకుని ఖాళీ ట్రే మీద గీత గీశాడు. వానపాములా మెలికలు తిరిగింది. సీసా ఎత్తి రెండు గుక్కలు మింగి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అదే ట్రే మీద కూతురి పేరు రాశాడు. ఒక్క వంకర లేదు.

"తాగి వణకట్లేదు. వణుకుతోందనే తాగుతున్నా." ట్రే పక్కకు జరిపాడు. "మా నాన్నకీ చేతితోనే మొదలైంది. తర్వాత నడక పోయింది, ఆఖరికి మంచం పట్టాడు. పార్కిన్సన్స్ అన్నారు. ఆ మాట నా గురించి వినే ధైర్యం లేదు."

ఆమెకు కోపం పోలేదు. కాని దాని కిందనుంచి భయం తన్నుకొచ్చింది. "మీకు లేకపోతే నేను తెచ్చుకుంటా ధైర్యం. ఆస్పత్రికి పోదాం."

వారం తిరక్కుండా అపాయింట్‌మెంటు దొరికింది. ఆ రోజు అతను చుక్క ముట్టకుండా వెళ్లాడు. డాక్టరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకోమంది, చాచమంది, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయమంది. సగం నీళ్లు నేలపాలయ్యాయి.

"కొంచెం తాగితే వణుకు తగ్గుతుందా?"

అతను తల దించుకున్నాడు.

"తగ్గుతుంది డాక్టర్‌గారూ. నా కళ్లతో చూశాను" అంది భార్య.

మెదడు స్కానంటే గొట్టంలోకి తోస్తారని బిక్కుబిక్కుమంటున్నాడు. తీరా చూస్తే, కడుపులో బిడ్డను చూసే అల్ట్రాసౌండ్ మిషనే. కణతకు చల్లటి జెల్ రాస్తుంటే, "నాకిప్పుడు ఎన్నో నెలండీ?" అన్నాడు. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది.

"ఇక్కడ ఎముక పలచగా ఉంటుంది, అందుకే లోపలికి చూడగలం." రెండు కణతల నుంచీ చూసి, తెర మీద వేలు పెట్టింది. "పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ భాగం తెల్లగా మెరుస్తుంది. మీకు మెరవట్లేదు. ఇదొక్కటే చూసి చెప్పట్లేదు. మీ చెయ్యి ఊరికే ఉన్నప్పుడు నిలకడగా ఉంది, పని చేసేటప్పుడే వణుకుతోంది. నడకా బాగుంది. అన్నీ కలిపి చూస్తే ఇది ఎసెన్షియల్ ట్రెమర్, ఉత్త వణుకు జబ్బు; కొంచెం తాగితే తగ్గడం కూడా దీని గుర్తే. మీ నాన్నగారి జబ్బు కాదు."

"పోతుందా?"

"పూర్తిగా పోకపోవచ్చు. బాగా తగ్గించొచ్చు. మీరు ఆ మందు మానేయండి, నేను ఈ మందు రాస్తాను."

క్యాంటీన్లో కూర్చున్నాక ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. "నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నన్ను రోగిని చూసినట్టు చూస్తావనుకున్నా."

"తాగుబోతుని చూసినట్టు చూశాను. అది బాగుందా?"

అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నలుగురిలో కప్పు గడగడలాడుతుందని బయట టీ తాగడం ఎప్పుడో మానేశాడు. ఆమె సగం కప్పే పోయించి అతని ముందు పెట్టింది. రెండు చేతులతో ఎత్తాడు. నాలుగు చుక్కలు చొక్కా మీద పడ్డాయి. పక్క బల్ల మనిషి తలతిప్పి చూశాడు.

"చూడనివ్వండి" అంది ఆమె. "మీరు తాగండి."

అతను తాపీగా, ఆఖరి చుక్క దాకా తాగాడు.