దొర భాష

థెరాన్ దొర తన ఆఫీసు గదిలో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకే దెబ్బ. పక్కన రాళ్లు పగలగొట్టి చూసే సుత్తె.

అది 1938 సెప్టెంబరు. సీఐడీ ఇన్‌స్పెక్టర్ హన్మండ్లు మర్నాడు కామారెడ్డిలో రైలు దిగి ఎల్లారెడ్డి చేరేసరికి, కేసు తేలిపోయిందన్నాడు ఠాణా అమీన్.

"వంటమనిషి ఏసయ్య. లాకప్‌లో ఉన్నాడు."

"ఎట్ల తేల్చిన్రు?"

"కాంట్రాక్టర్ రాజలింగు అయిదున్నరకు బంగ్లా నుంచి వెళ్లాడు. అప్పటికి దొర బతికే ఉన్నాడు. ఆరుకు ఏసయ్య అంగడి నుంచి వచ్చాడు. కాసేపటికి శవం అని కేక వేశాడు. మధ్యలో వేరే ఎవరూ లోపలికి పోలేదు."

హన్మండ్లు తల ఊపాడు. కాని మనసు ఒప్పలేదు. థెరాన్ దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఇంజనీరు. వచ్చి ఆరు నెలలు. తాడ్వాయిలో రాజలింగు కట్టిన చెరువు తూము కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. ఆ కట్టుబడి మీద దొర ఇవాళే జిల్లా తాలూక్‌దారు ముందు సాక్ష్యం చెప్పాలి.

అయిదున్నరకు దొర బతికే ఉన్నాడని సాక్ష్యం చెప్పింది గేటు ముందు సీతాఫలాలు అమ్మే సాలవ్వ. హన్మండ్లు వెళ్లి ఆమె దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, రాజలింగు పోయేటప్పుడు దొరను కండ్లార చూసినవా?"

"సూడలే బిడ్డా. రాజలింగు పటేలు తలుపుకాడ నిలవడి, లోపటికి మొఖం పెట్టి మాట్లాడుతుండె. నవ్వుతుండె. గదంత దొరల భాషనే. దొర లేకుంటె ఎవలతోని మాట్లాడుతడు?"

"దొర గొంతు ఇనవడ్డదా?"

"ఆయన మెల్లగ మాట్లాడుతడు. గీడిదాంక ఇనరాదు."

లాకప్‌లో ఏసయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"దొరతోని ఏమన్న తగాదా?"

"ఎందుకుంటది సార్? ఏసును నమ్ముకున్నమని మా ఊర్ల బాయికాడికి రానియ్యలే. ఆ సంగతి దొరకు జెప్పిన. మా తాతముత్తాతలను గూడ గిట్లనే ఎల్లగొట్టిన్రు, ఫ్రాన్సు దేశంల, అన్నడు. అప్పటిసంది నన్ను ఇంట్ల మనిషి లెక్క సూసిండు."

"ఈ ముచ్చట రాజలింగుకు ఎరుకేనా?"

"నేనే జెప్పిన. ఇద్దరి నడుమ ఇంగ్లీషు, తెలుగు మార్చి చెప్పేది నేనే గద. దొరకు తెలుగు రాదు, ఉర్దూ రాదు. పటేలుకు ఇంగ్లీషు రాదు."

హన్మండ్లు లేచి నిలబడ్డాడు. హత్య జరిగిన సాయంత్రం ఏసయ్య అంగడికి పోయాడు. మరి ఆ ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారు?

అదే అడిగితే రాజలింగు తడుముకోలేదు.

"ఫ్రెంచిల. జర్మన్ లడాయప్పుడు కూలీల పల్టన్‌ల ఫ్రాన్సు పోయిన. ఏడాదున్న. దొరోళ్లది ఫ్రాన్సే గద. గంటసేపు ముచ్చట పెట్టుకున్నం."

ఎలిబీ గట్టిగానే ఉంది. పైగా సాక్షి మాటకు సరిపోయింది.

సాయంత్రానికి దొర చెల్లెలు మార్తా కామారెడ్డి మిషన్ నుంచి తిరిగి వచ్చింది. హన్మండ్లు అందరినీ బంగ్లా వరండాలోకి పిలిపించాడు. ఏసయ్య చేతులకు బేడీలు అలాగే ఉన్నాయి.

"రాజలింగూ, పోయేటప్పుడు దొరతోని అన్న మాటలు మళ్ల అను."

రాజలింగు గొంతు సవరించుకుని గడగడా అనేశాడు.

"గదే. గయ్యే మాటలు," అంది సాలవ్వ.

హన్మండ్లు మార్తా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు. "మీకు అర్థమైందా?"

"లేదు. ఏం భాష అది?"

రాజలింగు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఫ్రెంచి," అన్నాడు హన్మండ్లు. "మీ అన్నగారికి వచ్చా?"

"మా ఇంట్లో ఎవరికీ రాదు. రెండు వందల యాభై ఏళ్ల కిందట, తమ ప్రొటెస్టెంట్ మతం విడిచిపెట్టమని క్యాథలిక్ రాజు వెంటపడితే మా పెద్దలు దొంగచాటుగా ఫ్రాన్సు దాటారు. హాలెండు చేరి, అక్కడి నుంచి ఓడలో ఆఫ్రికా వెళ్లారు. అక్కడ ఏలుతున్న డచ్చివాళ్లు బడిలో, గుడిలో ఫ్రెంచి వద్దన్నారు. మనవల కాలానికే ఆ భాష పోయింది. మాకు మిగిలింది మతం, ఇంటిపేరు."

హన్మండ్లు ఆ మాటలు తెలుగులో చెప్పాడు. తర్వాత రాజలింగు ఎదురుగా నిలబడ్డాడు.

"దొరకు రాని భాషల గంటసేపు ఏం మాట్లాడినవ్? నువ్వు తలుపుకాడ నిలవడేసరికే దొర పానం పోయింది. సాలవ్వకు ఇనవడాలని శవంతోని మాట్లాడినవ్. నీకొచ్చిన దొరల భాష గదొక్కటే."



"దొర కాళ్లు పట్టుకున్న సార్," అన్నాడు రాజలింగు. "తూము సంగతి ఇడిసిపెట్టుమని సైగ జేసిన. తల అడ్డంగ ఊపి అటు తిరిగిండు. సుత్తె చేతికందింది."

అమీన్ బేడీలు ఏసయ్యకు విప్పి రాజలింగుకు వేశాడు.

"మా అన్నతో ఏమన్నాడు అతను?" జరిగిందంతా హన్మండ్లు ఇంగ్లీషులో చెప్పాక అడిగింది మార్తా.

హన్మండ్లు రాజలింగును అడిగాడు. వాడు తల ఎత్తలేదు.

"నాకొచ్చింది గంతే సార్. రొట్టె ఎంత, గుడ్లు ఎంత, పోయొస్త తల్లీ."

చెప్పాలా వద్దా అని హన్మండ్లు ఒక్క క్షణం ఆగాడు. చెప్పాడు.

మార్తా వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది.

"దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత మా ఇంట్లో ఒకరితో ఆ భాష మాట్లాడారు," అంది. "మా అన్నకు వినపడలేదు."

ఏసయ్య వచ్చి ఆమెకు కింది మెట్టు మీద కూర్చున్నాడు.