ఎద్దు ఎడమ భుజం

మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను.

వర్క్‌షాపు నేలంతా రక్తం. అట్టబొమ్మలు చేసే ఆవిడ బోర్లా పడి ఉంది. ఎడమ చెవి కింది నుంచి గొంతుదాకా కట్టర్ గాటు. పక్కనే ఆమె భర్త మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కట్టర్. చొక్కా నిండా నెత్తురు.

పక్కింటివాళ్లు ఆ దృశ్యం చూసి పోలీసులకు ఫోన్ చేశారు.

శవం ఎదురుగా ఆరడుగుల అట్ట ఎద్దు. కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా తయారైన దాన్ని ముక్కలుగా విడదీసి, కాగితం మీద ప్రింట్ తీసి, అట్ట కోసి, వేడి జిగురుతో అతికించి నిలబెట్టింది ఆమె. రెండు వందల పన్నెండు ముక్కలు. సాయంత్రం ఐదింటికి అది ఎగ్జిబిషన్‌లో ఉండాలి.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఒకటీ నలభై. చేతికి అందేంత తేలిగ్గా దొరికిన హంతకుణ్ణి చూస్తే ఆవిడకి ఒళ్లు మంట.

"కేసు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"తొక్క మీద కాలేసి జారిపడకు. చెప్పు."

"పొద్దున మొగుడూ పెళ్లాం గట్టిగా అరుచుకున్నారట. పది నలభైకి ఇతను విసురుగా బయటికెళ్లాడు. పార్కులో కూర్చున్నానంటాడు. చూసినవాడు లేడు. ఒంటిగంటకి తిరిగొచ్చి, నేల మీద పడున్న కట్టర్ తీశానంటాడు."

"ఇంకెవరొచ్చారు?"

"ఎద్దు మోడల్ గీసిన డిజైనర్. పదకొండుకి వచ్చి పదకొండు యాభైకి వెళ్లాడు. వెళ్తూ ఎగ్జిబిషన్ మేనేజర్‌కి ఫొటో పంపాడు. ఎద్దు ఎడమ భుజం దగ్గర ఖాళీ. ఇంకా ఆరు ముక్కలు అతికించాలని రాశాడు. పన్నెండుకల్లా హాల్లో నలభైమంది మధ్య ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఎద్దును చూసింది. భుజం నిండుగా ఉంది. అంటే పదకొండు యాభై తర్వాత కూడా ఆమె బతికే ఉంది, పనిచేసింది. తర్వాత లోపలికి వచ్చింది మొగుడొక్కడే.

లెక్క సరిపోయింది. ఆవిడకి అదే నచ్చలేదు.

అంతలో గుమ్మంలో గావుకేక. చనిపోయినామె తమ్ముడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, అక్కకి అట్ట తెచ్చేది అతనే. నేల మీద అక్కని చూశాడు. బావ చేతుల మీద రక్తం చూశాడు. మూలనున్న ఇనుప స్టూలు ఎత్తాడు.

"అక్కని కోస్తావురా! నిన్ను బతకనిస్తానా!"

మొదటి దెబ్బకి బావ పెదవి చిట్లింది. రెండో దెబ్బకి పక్కటెముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. ముగ్గురు కానిస్టేబుళ్లు మీద పడితే గానీ స్టూలు వదల్లేదు. అప్పటికి బావ నోట్లోంచి రెండు పళ్లు రాలాయి.

"ఇవాళ ఆపారు. రేపు కోర్టు దగ్గర చంపుతా," అన్నాడు తమ్ముడు రొప్పుతూ.

అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి భయమేసింది. తప్పు చెయ్యనివాడు పోతే, పాపం తన రిపోర్టుదే.

ఆవిడ ఎద్దు చుట్టూ తిరిగింది. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడుతోంది. అట్ట లోపలి అలల కాగితం పైకి సన్నటి గీతల్లా తెలుస్తోంది. మెడ, పొట్ట, కాళ్లు, అన్నిచోట్లా నిలువు గీతలు. ఎడమ భుజం మీద ఆరు ముక్కలకి మాత్రం ఒక్కోటి ఒక్కో దిక్కు.

"నువ్విలా రా," అని తమ్ముణ్ణి పిలిచింది. "ఇవి చూడు."

అతను కళ్లు తుడుచుకుని వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి అక్క కొయ్యలేదు. గీత నిలువుగా లేకపోతే అట్ట బరువాపదని ప్రతి ముక్కా తిప్పి చూసుకునేది. ఒక్కటి అడ్డంగా వచ్చినా చింపేసేది."

"మరి ఇలా ఎవరు కోస్తారు?"

"కంప్యూటర్‌ని నమ్మేవాళ్లు. అట్ట వృథా కాకుండా ముక్కల్ని ఎటుబడితే అటు ఇరికిస్తుందది."

నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ డిజైనర్‌ని వర్క్‌షాపుకి రప్పించింది. కట్లు కట్టించుకున్న బావ ఒక మూల. తమ్ముడు ఇంకో మూల.

"ఫొటో ఎన్నింటికి తీశారు?"

"పదకొండు యాభైకి."

"అప్పుడు ఆవిడ ఏం చేస్తోంది?"

"భుజం ముక్కలు కోస్తోంది."

"మీరు ఎప్పుడైనా అట్ట కోశారా?"

"నా పని స్క్రీన్ మీదే మేడమ్. ఈ చేతిపని నాకు రాదు."

"అది కనబడుతూనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది ఇంకో కట్టర్‌తో ఆ ఆరు ముక్కలూ చీల్చి ఊడదీసింది. లోపలికి టార్చి వేసింది. ఎద్దు కడుపులో, అటువైపు గోడ మీద, ఎర్రటి చారలు.

"చంపాక ఎవరూ భుజం విప్పకపోతే రక్తం లోపలికెలా వెళ్లింది? మూసే ఉన్న భుజం మీద నెత్తురు చిమ్మింది. మీరు వెనకనుంచి కోశారు కాబట్టి మీ మీద పడలేదు. తడిసిన ఆరు ముక్కలూ పీకారు. పీకుతుంటే పచ్చి నెత్తురు లోపలికి చెదిరింది. మీరు వెళ్లాక కూడా ఆవిడ బతికుందని నమ్మించడానికి ఖాళీని ఫొటో తీశారు. కంప్యూటర్ సర్దిన ప్రింటు పెట్టి కొత్తవి కోసి అతికించారు. శవాన్ని దాటుకుంటూ అరగంట పనిచేశారు. పాత ముక్కలు మీ కారు డిక్కీలో ఇప్పుడే దొరికాయి."

డిజైనర్ బల్ల వైపు జరిగాడు. మరుక్షణం బల్ల మీది స్టీల్ స్కేలు అందుకుని ఆవిడ కంటికి గురిపెట్టి విసిరాడు. ఆవిడ తల పక్కకి తిప్పింది. చెంప తెగింది. లాఠీ అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది.

"మోడల్ నాది!" అని అరిచాడు కింద పడి. "మట్టితో తనే ముందు చేసిందట! నేను స్కాన్ చేశానంతేనట! సాయంత్రం అందరి ముందూ చెప్తానంది!"

"నిజమే చెప్తానంది కదరా," అంది ఇన్‌స్పెక్టర్, చెంప అదిమి పట్టుకుని.

బేడీలు పడ్డాయి. అతన్ని ఈడ్చుకెళ్లారు.

గదిలో తమ్ముడు, బావ మిగిలారు. తమ్ముడు పాక్కుంటూ వెళ్లి బావ కాళ్లు పట్టుకున్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

బావ వాచిన నోటితో కష్టపడి మాట్లాడాడు.

"మూడ్రోజులుగా నిద్రపోలేదు మీ అక్క. పడుకోమని అరిచాను. వినలేదని కోపంతో పోయాను. నేనిక్కడే ఉంటే వాడి చెయ్యి లేచేది కాదురా."

ఊపిరి అందక ఆగాడు.

"అందుకే నువ్వు కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇంకో రెండు పడితే బావుండుననిపించింది."