మోరీ కాడి ఆడమనిషి

కార్వేటినగరం నుంచి పుత్తూరు పోయే దోవలో, మామిడితోపులు దాటినాక రోడ్డు కింద వాననీళ్ళు పోయే ఒక మోరీ ఉంది. అక్కడ రోడ్డు ఉన్నట్టుండి ఎడమకు తిరుగుతుంది. పొద్దు గుంకితే ఆ మలుపుకు చెడ్డపేరు.

ఆడమనిషి కనిపిస్తుందంట. అందరికీ కాదు... బండి మీద చిన్నబిడ్డ ఉంటేనే. తెల్లచీర, విరబోసిన జుట్టు. చేతులు చాచి బిడ్డ కోసం వస్తుందంట. పాలు పోసే దామోదరం తన బిడ్డతో పోతూ చూసి, జ్వరమొచ్చి మంచం పట్టినాడంట. అప్పటినుంచి మలుపు వస్తూనే జనం బండి నెమ్మది చేసి, చుట్టూ చూసుకుని, గోవిందా అనుకుంటూ దాటుతారు.

జయంతికి ఇదంతా తెలుసు. శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని, పుత్తూరులో అద్దె గది. భర్త పోయినాక కొడుకు భానుచందర్‌ను కార్వేటినగరంలో అమ్మ దగ్గర ఉంచింది. శనివారం షిఫ్టు దిగి, స్కూటీ మీద పోయి, వాణ్ణి గదికి తెచ్చుకుంటుంది. వారమంతా ఆమె ఎదురుచూసేది దానికోసమే.

ఆ శనివారం వాణ్ణి తీసుకుని బయలుదేరేసరికే చీకటి పడింది.

"ఇప్పుడు యాడ పోతావే, పొద్దున పోదువులే" అంది తల్లి నిర్మలమ్మ.

జయంతి వినలేదు. పొద్దున కళ్ళు తెరిచేసరికి వాడు తన పక్కన ఉండాలి.

నాలుగేళ్ళవాడు. ఎప్పటిలాగే ముందర నిలబడి హ్యాండిల్ పట్టుకున్నాడు. కాసేపు ఏవేవో కబుర్లు చెప్పాడు. తర్వాత మాటలు ఆగిపోయాయి...

తోపులు దాటాయి. ముందూ వెనకా ఒక్క బండి లేదు. హెడ్‌లైటు వెలుగులో పురుగులు తప్ప ఏమీ కదలడం లేదు.

మలుపు.

నడిరోడ్డు మీద — ఆమె!

ఆపకూడదు... పక్కనుంచి దూసుకుపోవాలి. జయంతి బండి వేగం పెంచింది.

"భానూ, గట్టిగా పట్టుకో!"

వాడు పలకలేదు.

అప్పుడు చూసింది — వాడి చేతులు హ్యాండిల్ మీద లేవు. తల వేలాడిపోతోంది. మలుపులో బండి వాలేకొద్దీ వాడూ పక్కకు జారిపోతున్నాడు...

బ్రేకు వేసింది. ఒక చేత్తో వాడి చొక్కా అందుకోబోయింది. అందలేదు.

బండి ఊగి ఆగింది. వాడు కింద పడలేదు.

ఆ ఆడమనిషి చేతుల్లో ఉన్నాడు.

"నా బిడ్డ... నా బిడ్డను ఇయ్యి..."

"నిద్దరపోతాండాడు... మెల్లగా మాట్లాడు."

గుసగుస. మాట్లాడి చాలాకాలమైనట్టు బొంగురు గొంతు. జయంతి ముందు ఆమె కాళ్ళ వైపు చూసింది. మామూలు కాళ్ళే. అరిగిన రబ్బరు చెప్పులు.

"ఎవురు నువ్వు?"

"గురవమ్మను. ఈ తోపుకు కాపలా ఉంటా. నా మనవడు ఇట్లనే ముందర నిలబడి కునుకు తీసినాడు... ఈడనే పడిపోయినాడు."

గురవమ్మ బిడ్డను తల్లికి అందించి, జుట్టు ముడేసుకుని, జయంతి చున్నీ అడిగి తీసుకుంది. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కూర్చోబెట్టి, చున్నీ ఇద్దరికీ చుట్టి గట్టిగా ముడి వేసింది. వేసినాక కూడా చెయ్యి తియ్యలేదు. వాడి వీపు నిమురుతూ నిలబడింది.

"అన్నం బాగా తింటాడా?"

"పప్పన్నమైతే తింటాడు."

ఆమె చిన్నగా నవ్వింది.

"నిన్ను దెయ్యమంటాండారు పెద్దమ్మా. మనిషివేనని నేను పోయి అందరికీ చెప్తా."

"వద్దమ్మా!" గురవమ్మ కంగారుపడింది. "మొదట మనిషిగానే నిలబడినా. బిడ్డ జాగర్తయ్యా అని చెయ్యెత్తితే ఒక్కడూ ఆగలా. దెయ్యమన్నాకనే... మెల్లగా పోతాండారు."

"నీతో మాట్లాడేదానికైనా ఎవురన్నా ఉండారా?"

ఆమె చున్నీ ముడి ఇంకోసారి బిగించింది.

దూరాన ఒక హెడ్‌లైటు కనిపించింది. గురవమ్మ గబగబా జుట్టు ముడి విప్పుకుంది.

"పో తల్లీ... మనం మాట్లాడుకునేది వాళ్ళు చూడగూడదు."

జయంతి బండి కదిలించి, కొంచెం ముందుకు పోయి వెనక్కి తిరిగి చూసింది. చేతులు చాచుకుని, ఆమె ఒక్కతే నడిరోడ్డు మీదికి పోతోంది.