మేడ మీద మూలగది

మేడల మామ అమ్మలేని మేడ ఈ భూమ్మీద ఇంకా ఎవరూ కట్టలేదు. కప్పు కూలిన కోటను ‘నక్షత్రాలు కనపడే హాలు’ అని చెప్పి అమ్మిన ఘనుడాయన. ఆయన పొగడ్తలు వింటే గోడల్లో బీటలు కూడా సిగ్గుపడి మూసుకునేవి. అంతటివాడికీ నూటయాభై ఏళ్ళ నాటి ఓ పాలరాతి బంగళా మూడేళ్ళుగా కొరకరాని కొయ్యగానే మిగిలింది. ఈ సాయంత్రంలోగా బేరం కుదరకపోతే తాళాలు ఇంకో బ్రోకరుకు ఇచ్చేస్తానని యజమాని తేల్చి చెప్పాడు. ముప్పై ఏళ్ళ పరువు గంగలో కలిసేలా ఉంది.

కొనేవాళ్ళకంటే ముందే కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. కిటికీలన్నీ తెరిచినా తడి సున్నం వాసన, కలరా ఉండల వాసన వదల్లేదు.

"రాజమహళ్ళు అమ్ముతావు గానీ, నా గది తలుపుకి గడియ ఊడి ఏడాదైంది. అది మాత్రం బిగించవు," అని దెప్పింది కూతురు.

"ఉండవే! ఈ బేరం కానీ, బంగారు గడియే పెట్టిస్తా."

మామకో అలవాటుంది. ఖాళీ హాల్లో నిలబడి, కొనేవాళ్ళు ఎదురుగా ఉన్నట్టే స్వాగతం ఒకసారి సాధన చేసుకుంటాడు. ఆ రోజూ గొంతు సవరించుకుని చేతులు చాచాడు.

"రండి, రండి! ఇది మీ ఇల్లే అనుకోండి. నచ్చిన గది తీసుకోండి!"

మేడ మీద ఎక్కడో తలుపు మూసుకుంది. గడియ పడింది... మెల్లగా.

"గాలి," అన్నాడు మామ.

కూతురు కిటికీ తెర వైపు చూసింది. అది కదలడం లేదు.

వచ్చినవాళ్ళు భార్యాభర్తలు, ఇద్దరూ డాక్టర్లే. హాలు చూసి మురిసిపోయారు. మెట్ల నగిషీ తడిమి తడిమి చూశారు. మేడ మీద మూలగది మాత్రం తెరుచుకోలేదు. లోపల గడియ పెట్టి ఉంది. డాక్టరమ్మ తలుపుకు చెవి ఆనించింది.

"లోపల ఎవరో పక్క దులుపుతున్నారు."

ఆ బంగళాలో ఎవరూ ఉండటం లేదని మామకు తెలుసు. కానీ ఆయన నోరు ఆయన మాట ఏనాడు విన్నది గనక?

"మా అత్తగారండీ! ఇంటికి కాపలా ఉంటున్నారు. కాస్త పట్టుదల మనిషి."

కూతురు బిత్తరపోయింది. అమ్మమ్మ పోయి పదేళ్ళయింది.

"ఆవిణ్ణి ఇవాళే తీసుకెళ్ళిపోండి, ఇప్పుడే సంతకం పెడతాం," అన్నాడు డాక్టరు.

"నాన్నా... వద్దు," కూతురు చెయ్యి పట్టుకుంది.

మామ ఆ చెయ్యి విడిపించుకున్నాడు. తలుపు దగ్గర వంగి, గొంతు తగ్గించాడు.

"అత్తయ్యగారూ... పదండి. మన ఇంటికి వెళ్దాం."

లోపల చప్పుడు ఆగింది. గడియ జారింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఎవరూ లేరు. గదంతా వేలెడు దుమ్ము. మంచం మీద మాత్రం లేదు.

"వెనక మెట్లు దిగి వెళ్ళినట్టున్నారు," అనేశాడు మామ.

సంతకాలయ్యాయి. దారి పొడుగునా మామ తన తెలివిని తానే పొగుడుకున్నాడు. కూతురు కిటికీ అద్దం దించింది. కారు నిండా కలరా ఉండల వాసన.

ఇంట్లో ఆయన భార్య, కూతురి గది ముందు నిలబడి తలుపు తడుతోంది. వీళ్ళిద్దర్నీ చూసి ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నువ్విక్కడుంటే... లోపల ఎవరే?"

మామ తలుపు తోశాడు. రాలేదు. భుజంతో తోశాడు. రాలేదు.

లోపల ఎవరో పక్క దులుపుతున్నారు.

కూతురు గుసగుసగా అడిగింది.

"నాన్నా... ఈ తలుపుకి గడియ ఎప్పుడు బిగించావు?"