ఖాళీ బాయిలర్

గార్డుగారు షెడ్డులో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. ముఖం మాత్రం పట్టాల వైపు తిరిగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

నిజానికి ఆయన పళ్ల డాక్టరు. పెరటి చుట్టూ బుల్లి రైలు పట్టాలు వేయించి, మూరెడేసి ఆవిరి ఇంజన్లు నడుపుతూ, పచ్చజెండా ఊపుతూ ఉంటాడని పేటంతా కలిసి పెట్టిన పేరది.

"కేసు తేలిపోయింది మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "పొద్దున్నే తమ్ముడు గొడవపడ్డాడు. నీ బొమ్మలన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని అరిచాడట. జీపెక్కించమంటారా?"

"ఎక్కిద్దువుగానీ. పెళ్లికేమైనా వెళ్లాలా, అంత తొందరేంటి?" అంది ఇన్‌స్పెక్టర్.

తమ్ముడు చేతులు జోడించాడు. "ఇంజన్ల మీద విసుక్కున్నాను గానీ, అన్నని నేనెందుకు చంపుకుంటానండీ? అయ్యో, వదినా, నువ్వైనా చెప్పు!"

 వదిన చూపు మొగుడి మీద నుంచి కదలడంలేదు.

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చింది. షెడ్డు గుమ్మం ముందే పట్టాల మీద ఆకుపచ్చ ఇంజన్. దాని పక్కభాగానికి బిగించిన ఇత్తడి ప్లేటు, దాని మీద గార్డుగారి పేరు. ఎక్కడా చిన్న మరక లేదు. చక్రాలకి పల్చగా కొత్త నూనె. రెండు చేతులా ఎత్తింది. బాగా తేలిగ్గా ఉంది. నీళ్లు పోసే మూత విప్పి సన్నటి పుల్ల దించి చూసింది. ఎవరితోనూ ఏమీ అనకుండా మూత బిగించేసింది.

"అమ్మా, ఇవాళ దీన్ని నడిపారా?"

"నేను బజారుకెళ్లేటప్పుడు నీళ్లు నింపుతున్నారండీ. వచ్చేసరికి..."

అంతలో కబురు తెలిసి లేత్ మేస్త్రి వచ్చాడు. ఊళ్లో ఈ ఇంజన్ల సరదా ఉన్నవాళ్లందరికీ రిపేర్లు చేసేది ఈయనే.

"ఈ ఇంజన్ ఎవరు చేశారు మేస్త్రీ?"

"ప్లేటు మీద ఉందిగా మేడమ్."

"మీరు చివరిసారి ముట్టుకుందెప్పుడు?"

"పోయిన ఆదివారం. ఎగ్జిబిషన్‌లో. ఆ తర్వాత ఈ గడప తొక్కలేదు."

"సరే. అందరూ ఇలా రండి. గార్డుగారు నీళ్లు నింపి పెట్టారట. ఒకసారి నడిపి, చప్పుడు ఎంతదూరం వినిపిస్తుందో చూద్దాం."

ఆమె పక్కనున్న గ్యాస్ డబ్బాలోంచి ఇంజన్‌లోకి కొంచెం గ్యాస్ ఎక్కించి, నాబ్ తిప్పి లైటర్ నొక్కింది. బాయిలర్ కింద పొయ్యి భుగ్గుమంది. తమ్ముడు ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. మేస్త్రి మాత్రం ముందుకి దూకాడు.

"ఆర్పండి! చుక్క నీళ్లు లేవు లోపల! బాయిలర్ మాడిపోతుంది!"

ఇన్‌స్పెక్టర్ నాబ్ కట్టేసింది.

"లేవని నాకు తెలుసు. మూత విప్పి చూశాను. గడప తొక్కని మీకెలా తెలిసింది?"

మేస్త్రి ఇంజన్ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వీటిల్లో నీళ్లకంటే ముందు గ్యాస్ అయిపోయేలా కొలత పెడతారు, అవునా? నేను ఎక్కించేముందు ఇందులో గ్యాస్ లేదు, అంటే ఇంజన్ నడిచింది. అయినా నడిచి ఆగాక లోపల నీళ్లు మిగలాలి. ఎవరో అది చల్లారేదాకా కూర్చుని, నీళ్లు వంపేసి, చక్రాలు తుడిచి, నూనె రాసి మరీ వెళ్లారు. శవం పక్కనే! ఈ తమ్ముడుగారికి మంట చూస్తేనే భయం. ఆ అలవాటు ఎవరిది మేస్త్రీ?"

"నాదే." మేస్త్రి తలెత్తాడు. ముఖంలో భయం లేదు, కసి ఉంది. "దాన్ని చేసిందీ నేనే. కళ్లు పోయేలా చేశాను. నా ప్లేటు పీకేసి ఆయన పేరు కొట్టుకున్నాడు. ఎగ్జిబిషన్‌లో అందరిముందూ, వీడు నా దగ్గర బోల్టులు బిగిస్తాడు అన్నాడు. కడుపు మండిపోయింది. ఇవాళ అడుగుదామని వస్తే నవ్వాడు. రెంచి చేతికందింది."

"కొట్టి వెళ్లిపోలేదే?"

"ఎందుకెళ్తాను? ఇంకా ఊపిరుంది. ముఖం ఇటు తిప్పి, నా ఇంజన్ నేనే నడిపాను. చూడు, ఎవరిదో చూడు అన్నాను. గ్యాస్ అయిపోయేదాకా చూపించాను. అప్పటికి పోయాడు."

 కానిస్టేబుల్ బేడీలు వేశాడు. తమ్ముడు కూలబడి బావురుమన్నాడు.

"ఆ ప్లేటు ఒక్కటి తీసేయండి మేడమ్," అన్నాడు మేస్త్రి. "ఇంకేమీ అడగను."

అప్పుడు కదిలింది గార్డుగారి భార్య. ఇన్నేళ్లూ మొగుడు వెలిగిస్తుంటే చూస్తూనే ఉంది. తిన్నగా వచ్చి నాబ్ తిప్పింది, లైటర్ నొక్కింది. ఖాళీ బాయిలర్ కింద నీలిమంట లేచింది.

"అమ్మా! వద్దమ్మా!" మేస్త్రి గింజుకున్నాడు. మనిషిని చంపానని చెప్పేటప్పుడు లేని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. "అతుకులు కరిగిపోతాయి! మీకు దణ్ణం పెడతాను!"

"ఆయన్ని చూడమన్నావుగా," అందావిడ. "ఇప్పుడు నువ్వు చూడు."

ఆకుపచ్చ రంగు పొక్కులు పొక్కులుగా లేచింది.

"మేడమ్, ఎవిడెన్స్..." గొణిగాడు కానిస్టేబుల్.

"తెలుసు," అంది ఇన్‌స్పెక్టర్. ఆమె చెయ్యి నాబ్ మీదికి వెళ్లింది. వెంటనే మాత్రం తిప్పలేదు.