రేకుల మీద నాయన

శిల్ప బడి నుంచి వచ్చేసరికి నాయన మోటారు కొట్టం పైన ఉన్నాడు. ముసురు పడుతూనే ఉంది. తడి రేకుల మీద ఆయన మోకాళ్లతో పాకుతూ, ప్రతి మేకు దగ్గరా ఆగి వేలితో తడిమి చూస్తున్నాడు.

"అవ్వా, నాయన పైన ఏం చేస్తాండాడు?"

గడప మీద కూర్చున్న అవ్వ రాజమ్మ తల కూడా ఎత్తలేదు.

"కొట్టం కారుతాందంట. చీనీ చెట్లకు పెట్టే మందు మూట నీళ్లయిపోయింది. పులివెందులకు కాయలు తోలుకపోయి తెల్లారి వచ్చినాడు. కునుకు లేదు, కూడు లేదు. ఆ చిల్లు కనపడేదాకా దిగడంట."

శిల్ప నెత్తిన ఉన్న ప్లాస్టిక్ కవర్‌ని గబుక్కున తీసి వెనక దాచుకుంది.

లింగాల చుట్టుపక్కల ముసురు పడితే పిల్లలకు గొడుగుల గొడవే ఉండదు. ఖాళీ ఎరువు సంచి అడుగున ఒక మూలను రెండో మూలలోకి దోపి, నెత్తిన తగిలించుకుంటే సరి. కాకపోతే పై సంచి తొందరగా నానిపోతుంది. లోపలి ప్లాస్టిక్ కవర్ అయితే చుక్క దిగదు.

మొన్న శిల్పకు ఆ కవర్ మీద కన్ను పడింది. మూటలో సగం మందు అప్పటికే బత్తాయి చెట్లకు వాడేశారు. మందు కొట్టంలో ఉంది, వాన బయట ఉంది, ఇంక లోపల కవర్ ఎందుకు అనుకుంది. తెల్లటి గుళికలను పై సంచిలోనే ఉంచి, కవర్ లాగేసింది. శుభ్రంగా కడిగి నెత్తిన పెట్టుకుంది. బడిలో ఇష్రత్ "శానా బాగుంది, నాకూ ఒకటి తెచ్చియ్యి" అంటే పొంగిపోయింది కూడా.

"శిల్పా!" పైనుంచి నాయన కేకేశాడు. "లోపలికి పోయి పైకి చూడు. యాడన్నా వెలుతురు కనపడ్తాందా?"

శిల్ప లోపలికి వెళ్లింది. సంచి చతికిలబడి ఉంది. అడుగు నుంచి జిగటగా నీళ్లు కారి నేలంతా మడుగయ్యాయి. పైకి చూసింది. చిల్లు లేదు. రేకులకు లోపలివైపు తడి కూడా లేదు.

"లేదు నాయనా."

"సరిగా చూడమ్మా. ఉంటాది, యాడో ఒక చోట."

ఆయన గొంతు వింటుంటే శిల్పకు ఏడుపొచ్చింది. లేని చిల్లు కోసం నాయన అక్కడ వెతుకుతున్నాడు. నిజం చెబితే తిడతాడు. చెప్పకపోతే దిగడు.

అంతలో పైన రేకు దడాలున మోగింది. నాయన కాలు జారింది!

"దిగు నాయనా!" శిల్ప బయటికి పరుగెత్తి అరిచింది. "చిల్లు లేదు! లోపలి కవర్ నేనే తీసుకున్యా!"

నాయన నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగాడు. మోచెయ్యి గీరుకుపోయింది. కొట్టం ముందు రాయి మీద కూలబడ్డాడు.

"కోపం వచ్చిందా నాయనా?"

"కోపం రావాలన్నా ఓపిక ఉండాల గదమ్మా."

తిట్టినా బాగుండేది అనిపించింది శిల్పకు.

"మూట మీద వాన చుక్క కూడా పడలేదు నాయనా. మరి ఎట్ల కరిగింది?"

"వాన పడే పని లేదు. ముసురు పట్టినప్పుడు గాలి నిండా తేమే. ఈ మందు ఆ తేమను పీల్చుకుంటాది. పీల్చి పీల్చి అదే కరిగి నీళ్లయిపోతాది. అవ్వ ఉప్పు డబ్బాకు మూత పెట్టకపోతే ఉప్పు చెమ్మగిల్లదూ? ఇది ఉప్పుకు పెద్దన్న. అందుకే దానికి లోపల కవర్. నిద్రమత్తులో అది లేదని నేనే చూసుకోలేదు."

గీరుకుపోయిన మోచెయ్యి తుడుచుకుంటూ అన్నాడు. "నేను పైకెక్కక ముందే చెప్పింటే బాగుండు."

తను వచ్చేసరికే నాయన పైన ఉన్నాడు. కానీ నోరు విప్పకుండా ఇంకా అక్కడే ఉంచింది తనే కదా! శిల్ప తల దించుకుంది.

"ఇప్పుడు చెట్లకు ఎట్ల నాయనా?"

"నేలపాలైంది పోయింది. సంచిలో మిగిలిన దాంతో కొన్ని చెట్లకన్నా కాయ పగలకుండా ఆపుకుందాం. ఎట్లాగూ నీళ్లలో కలిపేదే గదా. మగ్గుతో తోడు, చెయ్యి పెట్టొద్దు."

శిల్ప కరిగిన మందును బకెట్లోకి తోడింది. కవర్‌ను పొడి గుడ్డతో లోపలా బయటా తుడిచింది. గట్టిగా మిగిలిన ముద్దలను మగ్గుతోనే అందులో వేసి, గాలంతా పోయేలా నొక్కి, మూతి మెలితిప్పి కట్టింది. నాయన బకెట్ మోసుకుపోయి తోటకు మందు పెట్టి వచ్చాడు. కంచం ముందు కూర్చుని, రెండో ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయాడు.

పొద్దున్నకు కూడా ముసురు వదల్లేదు. వీధి మలుపులో ఇష్రత్ తన అమ్మ గొడుగు వేసుకుని నిలబడింది.

"నీ కవర్ యాడ?" అని అరిచింది.

"దానికి ఈడ పని ఉంది. వస్తాండా ఉండు!"

శిల్ప కొట్టంలోకి వెళ్లి మూట ముడి లాగి చూసింది. గట్టిగానే ఉంది. పుస్తకాల సంచిని గుండెలకు హత్తుకుని, తల తడుస్తున్నా పట్టించుకోకుండా పరుగెత్తింది. మలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది.

ఇంట్లో నాయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు. రేకుల మీద ముసురు తప్ప ఎవరూ లేరు.